మామా గుమ్మంలో ఫహద్ పేరు

మొన్న ఖైతాన్‌లో ఫ్లాటు మారుతూ పుస్తకాల అట్టపెట్టెలకు వెడల్పాటి గోధుమరంగు టేపు వేస్తుంటే, చుట్ట నుంచి అది చర్రుమని ఊడిరావడమూ ఆ జిగురు వాసన ముక్కుకు తగలడమూ ఒక్కసారే జరిగాయి, నేను చేస్తున్న పని వదిలేసి నేలమీద కూలబడ్డాను. నడుము పట్టేసిందేమోనని మావారు కంగారుపడ్డారు. నడుము కాదు. నాకు పదకొండేళ్ళప్పుడు, చలి పోయి దుమ్ముగాలులు మొదలయ్యే రోజుల్లో, అమెరికా సైన్యం మా పక్కనున్న ఇరాక్ మీదికి యుద్ధానికి పోతుంటే, విషవాయువు వస్తుందన్న భయంతో కువైట్‌లో కిటికీలన్నిటికీ ఇట్లాంటి టేపే వేశారు. ఇంట్లో ఎక్కడ పడుకున్నా ఈ వాసనే.

మాది రాయచోటి. నాయన షువైఖ్ గోదాముల నుంచి లారీ తోలేవాడు, అమ్మ ముబారక్ అల్ కబీర్‌లో ఒక కువైటీ ఇంట్లో వంట చేసేది. ఖైతాన్‌లో మేముండే మేడ మెట్లమీద ఒక్కో అంతస్తుకు ఒక్కో దేశం వాసన ఉండేది, మా అంతస్తుకు వచ్చేసరికి మాత్రం అమ్మ నూరే చెనిక్కాయల ఊరిబిండి ఘాటు మిగతా దేశాలన్నిటినీ ఓడించేది. బడి లేని రోజుల్లో అమ్మ నన్ను వెంటబెట్టుకుని పనికి పోయేది. ఆ ఇంటి పెద్దావిడను పనివాళ్ళందరిలాగే మేమూ మామా అనేవాళ్ళం. లావుపాటి మనిషి, మోకాళ్ళ నొప్పులు, నల్లటి అబాయా నిండా సాంబ్రాణి పొగ వాసన. వంటగదిలో స్టూలు వేసుకుని కూర్చుని అమ్మ చేసే ప్రతి పనికీ వంక పెట్టేది, అమ్మ చేసిందే రెండోసారి వడ్డించుకునేది.

రంజాన్ నెల నడిమి రాత్రుల్లో ఆ వీధి పిల్లలు మెడలో గుడ్డసంచులు వేసుకుని, చిన్న చిన్న డప్పులు కొట్టుకుంటూ ఇల్లిల్లూ తిరిగేవాళ్ళు. ఆ పండుగను గిర్గియాన్ అంటారు. గుమ్మం ముందు నిలబడి, ఆ ఇంటి కొడుకు పేరు పెట్టి, వాణ్ణి చల్లగా చూడమనీ వాళ్ళమ్మకు ఉంచమనీ దేవుణ్ణి అడుగుతూ పాడతారు. పాడితే వేయించిన శనగలూ బాదంపప్పులూ ఎండు అంజూరాలూ రంగుకాగితాల మిఠాయిలూ దోసిళ్ళకొద్దీ సంచిలో పోస్తారు. మామా మనవరాళ్ళు నన్ను కూడా లాక్కుపోయేవాళ్ళు. మామాకు ఎదిగిన కొడుకులు ముగ్గురున్నారు, వాళ్ళ పిల్లలున్నారు, కానీ ఆ గుమ్మంలో పాడాల్సిన పేరు మాత్రం ఒక్కటే, ఫహద్. నేను పుట్టకముందు ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు వాళ్ళు పట్టుకుపోయిన చిన్నకొడుకు. మళ్ళీ కబురు లేదు. పాత ఇల్లు వదిలి ఆ ఇంటికి మారేటప్పుడు, వాడొస్తే దారి తెలియక తిరుగుతాడని, పాత వీధిలోని బఖాలా కొట్టువాడికి మామా స్వయంగా గుర్తులన్నీ చెప్పి వచ్చిందట.

యుద్ధం వస్తుందని తెలిసిపోయిన రోజుల్లో మా సోషల్ టీచరు పుస్తకం మూసేసి అమెరికా కథ చెప్పింది. అటో సముద్రం ఇటో సముద్రం, మధ్యలో తన పొలమూ తన ఫ్యాక్టరీలూ చూసుకుంటూ, బయటివాళ్ళ గొడవలు మనకెందుకని తలుపేసుకున్న దేశమట. రెండు ప్రపంచయుద్ధాలు దాన్ని గడప దాటించాయట, రెండోది ముగిసేసరికి దాని ఓడలు లేని సముద్రం లేదట. ఇంటికొచ్చి ఈ సంగతి నాయనకు చెప్పి, ఈ యుద్ధం అయ్యాక వాళ్ళు వెళ్ళిపోతారా అని అడిగాను. నాయన అప్పుడు రోజూ ఉత్తరాన ఎడారిలో ఉన్న సైన్యం శిబిరాలకు నీళ్ళ సీసాలు తోలుతున్నాడు. ఇసుకరంగు బండ్లు కనుచూపు మేరా బారులు తీరి ఉంటాయని, కుర్రాళ్ళు ఎర్రగా కమిలిపోయి ఉంటారని చెప్పేవాడు.

"ఇల్లు దాటి ఇంత దూరం వచ్చినోళ్ళు యింగ మల్లా ఇంట్లో కుచ్చోరు పాపా. మనం పోయినామా?" అన్నాడు.

సైనికులిచ్చిన మందపాటి అన్నం పొట్లాలు ఆయన లారీలో ఇంటికొచ్చేవి. ఒక్కోదాంట్లో చిటికెన వేలంత మిరపకాయ సాసు సీసా ఉండేది. అమ్మ దాన్ని నాలుక మీద వేసుకుని, పాపం వీళ్ళు ఈ కారంతోనా యుద్ధం చేసేది అని జాలిపడేది.

బడులు మూసేశాక నేను పగలంతా మామా ఇంట్లోనే. మాలాంటివాళ్ళకు ముఖానికి కప్పుకునే తడి తువ్వాళ్ళే దిక్కు, ఆ ఇంట్లో మాత్రం తలకొక గ్యాస్ మాస్కు కొన్నారు, ఫహద్‌కు కూడా ఒకటి కొన్నారు. అది పెట్టె విప్పకుండా అలమరలో ఉండేది. మొదటి సైరన్ మోగినప్పుడు టేపు వేసిన గదిలోకి అందరం పరుగెత్తాం, తలుపు కింద అమ్మ తడిగుడ్డ కుక్కుతుండగా మామా ఆ పెట్టె చింపి ఆ మాస్కును నా ముఖానికి తొడిగి పట్టీలు బిగించింది. వాడొచ్చేదాకా నువ్వు పెట్టుకో అంది. లోపల అంతా రబ్బరు వాసన, నా ఊపిరి చప్పుడు నాకే పెద్దగా వినిపించేది. అది నా ఊపిరేనని ఎంత చెప్పుకున్నా, లోపల నాతోపాటు ఇంకెవరో ఉన్నట్టుండేది. ఆ భయం నాకు ఇప్పటికీ పోలేదు.

బాగ్దాద్ పడిపోయిన రోజు వీధిలో కార్ల హారన్లు, డాబాల మీద ఆడవాళ్ళ కేకలు. అమెరికావాళ్ళు జైళ్ళు తెరిచేశారని నాయనే చెప్పాడు. మామా మోకాళ్ళ నొప్పి మరిచిపోయి టీవీ ముందు నిలబడింది, తలుపులు బద్దలై జనం తోసుకుంటూ బయటికొస్తుంటే తెరకు ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్ళి ఒక్కో ముఖమూ వెతికింది. నేనూ వెతికాను. గోడమీది ఫోటోలో ఇరవై ఏళ్ళవాణ్ణే నాకు తెలుసు, అంత వయసువాడు కనబడ్డప్పుడల్లా ఇతనేనని అరిచేదాన్ని. మామా తల అడ్డంగా ఊపి, ఇన్నేళ్ళ జైలుకు వాడికిప్పుడు గడ్డం నెరిసి ఉంటుంది అనేది. అమ్మ ఆ వారమంతా ఫహద్‌కు ఇష్టమైన చేపల మచ్‌బూస్ అన్నం వండింది, ఆ వారమంతా మేమే తిన్నాం.

జైళ్ళన్నీ ఖాళీ అయ్యాయి. ఆ తరువాత ఇరాక్ ఎడారిలో మనుషుల ఎముకలున్న గుంతలు బయటపడ్డాయని వార్తలొచ్చాయి. ఒకరోజు ఎవరో వచ్చి మామా నోట్లోంచి దూదితో ఎంగిలి తీసుకుపోయారు. ఎందుకని అడిగితే అమ్మ నా నోరు మూసింది. రంజాన్ ఇంకా రాకముందే ఫహద్ ఇంటికొచ్చాడు. ఆ పెట్టెను ఒక్క మనిషి రెండు చేతులతో మోయగలిగాడు. పరామర్శకు వచ్చేవాళ్ళకు మూడు రోజులు అమ్మ పొయ్యి ఆర్పకుండా కాఫీ కాచింది.

ఆ యేటి గిర్గియాన్‌కు ఆ ఇంటికి మాత్రం పోవద్దని వీధిలో తల్లులందరూ పిల్లలకు చెప్పేశారు. డప్పులు పక్కింటిదాకా వచ్చి, మామా గుమ్మం ముందు ఆగిపోయి, అవతలి ఇంటి దగ్గర మళ్ళీ మోగేవి. మామా గేటు తీసి, కుర్చీ వేసుకుని, ఒళ్ళో మిఠాయిల బుట్ట పెట్టుకుని కూర్చునే ఉంది. వంటగది కిటికీలోంచి చూసి చూసి అమ్మ నా మెడలో సంచి తగిలించింది.

"పో పాపా, పొయి పాడు. ఆయమ్మ పొద్దుగూకిన కాడ్నించి ఆడ్నే కుచ్చోనుంది."

వెళ్ళి నిలబడ్డాను. ఒక్కదాన్ని పాడుతుంటే గొంతు నాది కాదనిపించింది. పేరు రావలసిన చోట, ఆమె ఏడుస్తుందని భయపడి, నిండా ఏడాదైనా లేని చిన్న మనవడి పేరు పెట్టాను. మామా చెయ్యెత్తి ఆపింది.

"లా, లా. ఆ పేరు కాదు, ఫహద్ అను," అంది. "ఇన్నాళ్ళూ ఊరికే అడిగాం. వాడిప్పుడే కదా నా దగ్గరికి వచ్చాడు."

మొదటినుంచి మళ్ళీ ఎత్తుకున్నాను. ఫహద్‌ను వాళ్ళమ్మకు ఉంచమని పాడుతుంటే ఆమె కళ్ళు మూసుకుని వింది, అయిపోయాక బుట్టలో ఉన్నదంతా నా సంచిలో వంపేసింది.

నాయన చెప్పినట్టే అమెరికావాళ్ళు వెళ్ళలేదు. శిబిరాల దారుల్లో తారు పడింది, ఆయన లారీ ముసలిదయ్యేదాకా అవే దారుల్లో తిరిగింది. అమ్మా నాయనా రాయచోటికి మళ్ళారు. నేను ఇక్కడే బడిలో సోషల్ చెబుతున్నాను, ఏటా ఆ పాఠం వస్తుంది, గడప దాటిన దేశం గురించి మా టీచరు చెప్పినదానికి పెద్దగా మార్పేమీ లేకుండా చెబుతాను. మామా పోయింది. కొడుకులు ఆ ఇల్లు అమ్మేశారు, అలమరా మాస్కూ ఏమయ్యాయో తెలియదు. ఇప్పుడు పిల్లలు గుమ్మాలెక్కరు. గిర్గియాన్‌కు హాలు మాట్లాడి, పేర్లు అచ్చేసిన డబ్బాలు పంచి, పాట స్పీకరులో పెడతారు. ఆ పాటలో ఏ ఇంటి కొడుకు పేరూ ఉండదు. పేరు రావలసిన చోట నా నోట ఫహదే వస్తాడు, ఆ పై మాట దగ్గర ఆగిపోతాను. వాళ్ళమ్మే లేదు, వాణ్ణి ఎవరికి ఉంచమని అడగను?