జవాబు అక్కర్లేని ప్రశ్నలు

ఆ రోజుల్లో నా గొంతు ముందు పుట్టి, దాన్ని మోయడానికి నేను తర్వాత పుట్టానన్నంత ధీమాగా ఉండేవాణ్ణి. వక్తృత్వ పోటీల్లో గెలిచిన కప్పుల్లో మా మెట్టుగూడ ఇంట్లో అమ్మ పోపు గింజలు పోసుకునేది. అయినా యువజన ఆదివారం నాడు మా చర్చిలో ప్రసంగం నేనే చెయ్యాలని ఒకటే ఆశ. పాస్టరుగారు (మాకు అయ్యగారు) "ముందు బుధవారం ఇంటి ప్రార్థన కూడికలో చెప్పు బాబూ, చూద్దాం" అన్నారు. ఆయన చెప్పేది దేవుని వాక్యం. నేను రాసుకున్నవి వాక్యాలు. ఒక్కొక్కటీ గూడ్సుబండంత పొడవు, చివర గార్డు పెట్టెలా ఒక ప్రశ్న. జవాబు అక్కర్లేని ప్రశ్న వేసి ఆగితే సభ నిశ్శబ్దమైపోతుందని పోటీల్లో నేర్చుకున్న కిటుకు.

కూడిక నేరేడ్‌మెట్‌లో, కుర్చీల ఆంటీ ఇంట్లో. (ఎవరింట్లో కూడికైనా ప్లాస్టిక్ కుర్చీలు ఆవిడవే.) అయ్యగారు వెనక గోడకు ఆనుకుని కూర్చున్నారు. బైబిల్లోంచి తుఫానులో చిక్కిన పడవ కథ చదివి, చెయ్యి చాచి, "ఈ పడవ ఎటు పోవుచున్నది?" అని ఆగాను.

"అవతలి ఒడ్డుకు బిడ్డా. ఇప్పుడే చదివితివి గదా" అంది ముందు వరుసలోంచి ఆంటీ.

గొంతు పెంచాను. "ఈ పెనుగాలిని ఆపగల నాథుడెవరు?"

"యేసయ్యనే. ఇంకెవరున్నరు?"

చివరి పేజీలో చెప్పాల్సింది మొదటి పేజీలోనే అయిపోయింది. అయ్యగారు ఎందుకో కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. చెమట తుడుచుకుని, దీనికి మాత్రం జవాబుండదని, "ఇంతటి తుఫానులో మనలో నిద్ర ఎవరికి పట్టును?" అన్నాను.

ఆంటీ ఈసారి మోకాలు నిమురుకుంటూ, "నాకైతే పడ్తలేదు" అంది. "సోమవారం మోకాలి ఆపరేషన్ గదా. భయమైతున్నది."

పక్కనున్న అంకుల్, ఆవిడ భర్త, ఆమెవైపు తిరిగాడు. "భయమని నాకు సుత చెప్పకపోతివి."

"చెప్తే నాకంటె నువ్వే ఎక్కువ పరేషానైతవ్."

నా కాగితంలో తర్వాతి మాట 'ఓ అలలారా'. మోకాలి నొప్పితో ఉన్న మనిషికి అలలతో ఏం పని? కాగితాలు మడిచి, ఆమె ఎదుటి కుర్చీలో కూర్చుని, "దేనికి భయం ఆంటీ?" అన్నాను. జవాబు కోసం నేనడిగిన మొదటి ప్రశ్న అదే.

"మత్తిచ్చినంక మళ్ల లేస్తనో లేదో అని."

యాప్రాల్ నుంచి వచ్చిన ఒకావిడ తన మోకాలు ముందుకు చాపి, "నాది చూడు వదినా, ఆపరేషనైనంక లిఫ్ట్ లేకుండ మెట్లెక్కుతున్న" అంది. ఆ తర్వాత పడవ కథ మళ్లీ చెప్పాను, చిన్న మాటల్లో. పడవలో వాళ్లూ భయపడ్డారు ఆంటీ, ఆ భయంతోనే పడవలో నిద్రపోతున్న యేసయ్యని లేపారు, అన్నాను. అంకుల్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అందరం ప్రార్థన చేశాం.

చెప్పులేసుకుంటూ, ఆదివారం చేజారినట్టేననుకుని, "ప్రసంగం ఎలా ఉందండీ?" అనడిగాను.

"నువ్వు కుర్చీలో కూర్చునేదాకా ప్రసంగంలాగే ఉంది బాబూ. ఆ తర్వాత బాగుంది" అన్నారు అయ్యగారు. "ఆదివారం నువ్వే చెప్పు."

ఆంటీ మోకాలు బాగుపడింది. ఆమె దయవల్ల నా ప్రసంగమూ కొంత. ఇప్పుడు నా మాటలు ఫోన్లలో కూడా వస్తున్నాయి. ప్రశ్న అడిగాక నిజంగానే జవాబు కోసం ఆగుతాను. వయసు మీదపడి మాట మరిచిపోయాడని కుర్రాళ్లు అనుకుంటారు. (ఒక్కోసారి అదీ నిజమే. అప్పుడూ ముందు వరుసలోంచి ఎవరో ఒకరు అందిస్తారు.)