మొదటి వరుసలో అన్న మాట

తొంభైల మొదట్లో కోస్గిలో మా మసీదు పనులు నేనే చూసేవాణ్ణి. అప్పుడే నలభై రోజులు మత ప్రచారం చేసే జమాతుతో ఊళ్లు తిరిగి వచ్చాను. అల్లా దయవల్ల దీన్ గురించి నాలుగు విషయాలు నేర్చుకున్నాను. ఎదుటివాడి తప్పు వెతకడం కూడా అప్పుడే అలవాటైంది.

మా దగ్గర అజాన్ ఇచ్చేది ఒక దూదేకుల ముసలాయన. అందరం చిచ్చా అనేవాళ్లం. పరుపులకు దూది ఏకి బతికేవాడు. ఇల్లు కల్లు కాంపౌండు వెనక. ఆ ఏడు ఆయన అజాన్ మధ్యలో ఆగిపోవడం మొదలైంది. నమాజుకు రమ్మని పిలిచే మాటల దగ్గర ముఖం కుడికీ ఎడమకూ తిప్పాలి. అక్కడికి రాగానే గోడ పట్టుకునేవాడు. సజ్దాలో నుదురు నేలకు ఆనించి లేస్తూ పక్కవాడి మీదికి ఒరిగేవాడు.

ఒక సాయంత్రం నా భుజం మీదే ఒరిగాడు. నమాజు ముగియగానే మొదటి వరుస అంతా వింటుండగా అన్నాను.

"చిచ్చా, కల్లు తాగి అల్లా ఇంట్లకు వస్తే ఎట్ల? రేపటి సంది అజాన్ నేనిస్త."

వెనక ఎవరో నవ్వారు.

"నేను తాగలే బిడ్డా."

"మల్ల గిట్లెందుకు ఊగుతున్నవ్?"

ఆయన టోపీ సర్దుకుని లేచాడు.

పది రోజులకు నమాజు ముందు కాళ్లూ చేతులూ కడుక్కుని వుజూ చేస్తూ చిచ్చా కుళాయి దగ్గర పడ్డాడు, కనుబొమ్మ చిట్లింది. ఆయన భార్య మా వాకిట్లోకి వచ్చి నిలబడింది. "జర వచ్చి ఆయన నోరు వాసన చూసిపో. నలభై ఏండ్ల సంది నేను చూస్తున్న, నాకు రాని వాసన నీకొచ్చింది."

మర్నాడు నేనే ఆయన్ని బస్సులో పాలమూరు దవాఖానకు తీసుకుపోయాను. అది నా మంచితనం అనుకున్నాను.

చెవుల డాక్టరు పాదాలు దగ్గర పెట్టి కళ్లు మూసుకోమన్నాడు. తర్వాత ఒక పాదం వేళ్లకు రెండో పాదం మడమ ఆనిస్తూ బండల గీత మీద నడవమన్నాడు. మూడో అడుగుకే చిచ్చా తూలాడు.

"తాగుతడా?" అని డాక్టరు నన్ను అడిగాడు.

నేను నేల చూశాను.

"నన్నడుగు సారు, నోరున్నది నాకు" అన్నాడు చిచ్చా.

ఈసారి డాక్టరు ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టి, తల కుడికి తిప్పి, గబుక్కున వెనక్కి వాల్చాడు. తల మంచం అంచు కిందికి వేలాడింది. "కండ్లు మూయకు పెద్దాయనా." కాసేపు ఏమీ లేదు. తర్వాత రెండు కంటిపాపలూ ఒకే పక్కకు తిరుగుతూ, దూది ఏకే వింటి నారిలా అదరసాగాయి. చిచ్చా నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కొన్ని క్షణాలకు అదురు ఆగింది.

"చెవి లోపల మనల్ని నిలబెట్టేదొకటి ఉంటది. వయసు మీద పడితే అది గాడి తప్పుతది. తల వంచినా తిప్పినా లోకం గిర్రున తిరుగుతది" అన్నాడు డాక్టరు. "ఎన్ని దినాలాయె? ఎవ్వరికీ చెప్పలేదా?"

"రెండు నెలలాయె. తాగినవన్నంక ఇంకేం చెప్పాలె సారు?"

నిలబడలేని రోగి కూర్చుని నమాజు చదవవచ్చని, కూర్చోలేకపోతే పడుకుని చదవవచ్చని జనానికి చెప్పేవాణ్ణి నేనే. నా పక్కనే సజ్దా నుంచి లేవలేకపోతున్న మనిషిని చూసి ఆ సంగతి ఒక్కసారైనా గుర్తు రాలేదు. కల్లు మాత్రం వెంటనే గుర్తొచ్చింది.

తిరుగు బస్సులో మాఫ్ చెయ్యమన్నాను. ఆయన కిటికీ వైపు చూస్తూ తల మెల్లగా ఊపాడు.

శుక్రవారం ఖుత్బా ప్రసంగానికి ముందు లేచి నిలబడ్డాను. మొత్తం చెప్పాలనే లేచాను. "చిచ్చాకు చెవిల బీమారి ఉన్నది. కూసుండి నమాజు చదువుతడు. అజాన్ మల్ల ఆయనే ఇస్తడు" అని కూర్చున్నాను.

నమాజయ్యాక చిచ్చా చెప్పులేసుకుంటూ అన్నాడు: "బీమారి సంగతి మంచిగ చెప్పినవ్ బిడ్డా. కల్లు సంగతి?"

నేను నా చెప్పులు వెతుక్కున్నాను.

"అయితే అజాన్ నువ్వే ఇయ్యి. తాగుబోతు పిలుస్తుండని అనుకునేటోడు ఒక్కడున్నా నేను పిలువ."

జనం ఇంకా మెట్ల మీదే ఉన్నారు. అందరినీ ఆపి, కల్లు మాట నా తప్పని చెప్పవచ్చు. చెప్పలేదు. ఆ సాయంత్రం అజాన్ నేనే ఇచ్చాను.