రెండోసారి అడిగే నర్సమ్మ

ఆళ్లగడ్డ దర్జీ ఇంటి వదినా, నీ మోకాళ్లు ఎట్లుండాయి? వాపు తగ్గిందా, ఇంకా గోడ పట్టుకోనే లేస్తాండావా? గడివేముల అక్కా, మీ ఆయన ఉబ్బసం ఈ చలికి ఎక్కువ కాల్యా గదా? వెలుగోడు పిన్నమ్మా, నీ కొడుక్కు చక్కెర జబ్బు గదా, కాళ్లు కడిగేటప్పుడు వేళ్ల సందులు చూస్తాండావా? చూడు తల్లీ, రోజూ చూడు. మా వీధి వాళ్లు పొద్దున లేస్తే కనపడతానే ఉంటారు కాబట్టి వాళ్లను అడగను. మిమ్మల్నయితే అడుగుతాండా గానీ మీ మొగాలు నాకు కనపడవు. మీరు ఏం జవాబు చెప్తాండారో తెలియదు. దిగులంతా అదే.

చెప్పాల్సిన మాట దాచి ఎంతసేపని కుశలాలు అడిగేది. మన నర్సమ్మ పోయింది. పోయిన మంగళవారం పొద్దున నేను పెనం మీద జొన్నరొట్టె వేసి ఉన్నా. ఆసుపత్రి ఆయా వచ్చి వాకిట్లోనే నిలబడింది. "అమ్మా, నర్సమ్మ చచ్చిపోయింది. గుండె ఆగిపోయిందంట. డ్యూటీకి పోదామని బూట్లు వేసుకుంటా కుర్చీలోనే ఒరిగిపోయింది" అనింది. రొట్టె మాడి పొగ వస్తాంటే ఆయానే వచ్చి దించింది.

నాలుగు మాటలు రాయమ్మా, అచ్చేసి ఇండ్లకు పంచుతాం, చదువురానోళ్లకు చదివి వినిపిస్తాం అని ఆసుపత్రి మేట్రనమ్మ అడిగింది. నేను మూడో తరగతితో బడి మానిన దాన్ని. ఒత్తులు తప్పుతాయి, ఏదన్నా తప్పు మాట రాస్తే చచ్చిపోయిన మనిషికి చెడ్డపేరు వస్తాదేమోనని రెండు రోజులు పలక మీద రాసి తుడిచినా. ఆఖరికి రాయడానికి కూచున్నది ఏడుపు ఆగక కాదు. ఆళ్లగడ్డలో ఒక ఇల్లుండాది. ఒకప్పుడు ఎద్దుల బండి తోలిన పెద్దాయన ఇల్లు. నెలకొక శనివారం నర్సమ్మ బస్సెక్కి పోయి ఆ ఇంట్లో సగం పొద్దు కూచునేది. ఆ ఇంటికి పోయేవాళ్లు ఆమె తప్ప వేరే ఎవరూ ల్యారు. ఇంక ఆయన్ను చూసుకునే కోడలి కాడికి ఎవరు పోతారు? మంగళవారం నుంచి నా తలలో ఇదే తిరుగుతాంది. సంగతి తెలియాలంటే మొదట్నుంచి చెప్పాల.

కర్నూలు రాజధాని అయిన ఏడు అది. మా అత్తకు ఎడమ పక్క పడిపోయి అప్పటికి ఏడాది దాటింది. నేనే ముసల్దాన్ని, నాకొక ముసల్ది. ఒకరోజు నల్ల గొడుగు, గుడ్డ సంచీ పట్టుకోని ఒకామె వాకిట్లో నిలబడి, "ఇంట్లో అందరూ బాగుండారా?" అని అడిగింది.

"బాగుండాం" అన్నా.

లోపల మంచం మీద నుంచి మా అత్త కూడా వంకర నోటితో "బాగుండాం" అనింది.

నర్సమ్మ నవ్వింది. "పక్షవాతం మనిషి కూడా బాగుండాదంట. ఈ నంద్యాలలో నాకు పనే ల్యాకపాయె."

గడపలో నిలబడి అడిగినోళ్లకు ఎవరన్నా బాగల్యామని చెప్తారా? అడిగినోళ్లను బాధపెట్టినట్టు, ఇంటి పరువు తీసినట్టు. మనమంతా అంతే గదా. ఆ సంగతి నర్సమ్మకు తెలుసు. మా అత్తను చూసి, నాడి పట్టి, ఇంక బయటికి పోతాదేమో అనుకుంటే తిన్నగా పెరట్లోకి వచ్చింది. నేను పక్క గుడ్డలు ఉతుకుతాండా. రోలు మీద కూచోని, నేను జాడించిన గుడ్డ ఒక కొస తాను పట్టుకోని పిండింది. అప్పుడు అడిగింది రెండోసారి.

"ఇప్పుడు చెప్పమ్మే. నువ్వెట్లుండావు?"

జబ్బుమనిషి ఎట్లుండాదని అందరూ అడిగినారు. నేనెట్లుండానని ఎవరూ అడగల్యా. నా నోటెంబడి ఎట్లొచ్చిందో వచ్చేసింది. "ఆమె బేగ పోతే బాగుండునని రోజూ అనుకుంటాండా నర్సమ్మా."

ఆమె సంచీలో నుంచి నోటుపుస్తకం తీస్తాంటే కాళ్లు పట్టుకున్నంత పని చేసినా. "రాయొద్దు, మా ఆడబిడ్డకు తెలిస్తే నన్ను బతకనీదు."

"పేరు రాయను. ఒక కోడలు అని రాస్తా. అట్ల అనుకోని కోడలు నేను తిరిగిన ఇండ్లలో ఒక్కతి ల్యా. అనుకున్నావు గానీ పొద్దున బువ్వ పెట్టినావు గదా? పెట్టినాక ఎంతసేపు కూచున్నావో అది చెప్పు."

ఇట్ల ఇల్లిల్లు తిరిగి ఆమె రాసుకునేది. ముసలోళ్లను, ఏండ్ల తరబడి తగ్గని జబ్బులోళ్లను చూసుకునేవాళ్లు ఏం తింటాండారు, ఎప్పుడు పడుకుంటాండారు, ఏ పని చేయలేక విడిచిపెడతాండారు, ఇవన్నీ. మందు రాసిచ్చేదానికి డాక్టరుండాడు, ఆ మందు మింగించే మనిషి సంగతి ఎవరూ రాయల్యా, అందుకు నేను రాస్తాండా అనేది. గడపలో చెప్పిన జవాబు ఎన్నడూ రాసుకునేది కాదు. పెరట్లో చెప్పిందే రాసుకునేది.

మా అత్త ఆమెను మొదట్లో ముట్టనియ్యల్యా. "కిరస్తానం దానివా?" అని మొగం మీదే అడిగింది. "అవునవ్వా" అనింది నర్సమ్మ. ఆమె ఇచ్చిన నీళ్లు తాగల్యా. నర్సమ్మ గమ్మున చెంబు నా చేతికిచ్చింది, నేను తాపినా. మూడు నెలలు అట్లే జరిగింది. తర్వాత తర్వాత మా అత్త ఆమె చెయ్యి పట్టుకుంటే విడిచేది కాదు. "పెండ్లెందుకు చేసుకోల్యావే?" అంటాది. "నీ మాదిరి మంచి అత్త దొరకల్యా అవ్వా" అంటాది ఈమె. ముసల్దానికి వంకర నోటితోనే నవ్వు.

నేను చేసిన తప్పు కూడా రాయాల. రాయకపోతే నర్సమ్మ గురించి రాసినట్టు కాదు. పండుకోని పండుకోని మా అత్త నడుము కింద పుండు పడింది. కోడలు సరిగా చూడక పుండ్లు పడినాయి అంటారని నేను దాచినా. పసుపు పూసి, నర్సమ్మ వచ్చే రోజు ఎల్లెలకల పండబెట్టి కొత్త దుప్పటి కప్పేదాన్ని. "ఏందీ వాసన?" అని అడిగింది. ఉల్లిగడ్డలు కుళ్లినాయని చెప్పినా. పెరట్లో మళ్లీ అడిగింది. అప్పుడు కూడా అదే చెప్పినా. పై నెల వచ్చేసరికి మా అత్తకు జొరం. నర్సమ్మ దుప్పటి తీసి, పక్కకు తిప్పి, పుండు చూసింది. అరచేయంత ఉండాది. నన్ను కొడతాదేమో అనుకున్నా, కొట్టినా బాగుండు. నా పక్క కూడా చూడల్యా. చీము కడిగి, కట్టు కట్టి, మా ఆయన్ను పిలిచింది.

"అప్పా, మీ యమ్మను రెండు గంటలకోసారి పక్క మార్చాల. పొద్దున చేనికి పోయే ముందు ఒకతూరి, వచ్చినాక ఒకతూరి నువ్వు మార్చు."

"అది ఆడోళ్ల పని గదమ్మా."

"జొన్నల బస్తా ఎవరెత్తుతారు?"

"నేనే ఎత్తుతా."

"మీ యమ్మ బస్తాలో సగం కూడా ల్యా. రా, పట్టు."

మా ఆయన తల వంచుకోని వచ్చి పట్టినాడు. పుట్టినప్పటి నుంచి ఆయన వాళ్లమ్మను ఎత్తింది అదే మొదలు. పుండు మానేదానికి నాలుగు నెలలు పట్టింది. ఎందుకు దాచినావని నర్సమ్మ నన్ను ఆ తర్వాత కూడా ఎన్నడూ అడగల్యా. మిగతా పక్కలన్నీ మార్చేది నేనే, నాకు నడుం వాల్చే పొద్దు ల్యా. దానికే ఆమె ముయ్యి మాట తెచ్చింది.

ముయ్యి మీకందరికీ తెలిసిందే. ఈ పొద్దు నా చేలో నువ్వు కలుపు తీయి, రేపు నీ చేలో నేను తీస్తా. కూలి ల్యా, పనికి పని. నర్సమ్మ ఎదురింటామెను, నన్ను మా అరుగు మీద కూచోబెట్టింది. ఎదురింటామె మొగుడిది ఉబ్బసం. "చేనికి ముయ్యి పోతారు గదా, మంచం కాడికి ఎందుకు పోరు?" అని అడిగింది.

ఎదురింటామె నోరు ఊరుకోదు. "మంచం కాడ పీకేదానికి ఏం కలుపుంటాది నర్సమ్మా?"

"ఉంటాది. చూసుకునే దాని కడుపులో ఉంటాది."

ఆ మాటకు ఇద్దరం నవ్వల్యా. అట్ల మొదలైంది. వారానికి ఒక సగం పొద్దు ఆమె వచ్చి మా అత్త కాడ కూచునేది, ఇంకో రోజు నేను పోయి వాళ్లాయన కాడ కూచునేదాన్ని. మొదటిరోజు నేను బయటికి పోయినట్టే పోయి మూడుసార్లు తిరిగొచ్చి కిటికీలో తొంగి చూసినా. గంజి గొంతుకు అడ్డం పడుతుందేమో, మంచం కోడు విరుగుతుందేమో. నాకు భయపడేదానికి కారణం కావాల్నా? మూడోసారి నర్సమ్మే ఎదురొచ్చింది. "పోమ్మే. తొంగి చూస్తే ముయ్యి చెల్లదు." పోయి ఎదురింటి అరుగు మీద పండుకున్నా. ఏడాదిన్నర తర్వాత పగటిపూట నిద్రపోయింది అప్పుడే. మా అత్త ఇంకో నాలుగేండ్లు బతికింది. పోయేటప్పుడు ఒంటి మీద ఒక్క పుండు ల్యా.

మీ ఇండ్లకు కూడా ముయ్యి అట్లే వచ్చింది. ఒక్క ఆళ్లగడ్డ పెద్దాయన ఇంట్లో కుదరల్యా. ఆయనకు వయసు మీద పడి మతి తప్పింది. కొడుకు లారీతో పోతే డోన్ నుంచి నాలుగు రోజులకు గానీ రాడు. ఇంట్లో కోడలు ఒక్కతే. ముయ్యికని పోయినామెను పెద్దాయన "నా ఎద్దులు యాడ?" అని అడిగినాడంట. "ఎద్దులు చచ్చి పదేండ్లాయె తాతా" అనిందంట ఆమె. చెంబు తీసుకోని నెత్తికి విసిరినాడు. ఆ తర్వాత ఎవరూ ఆ గడప తొక్కల్యా. అందుకని నర్సమ్మే పోయేది.

ఆమె ఏం చేసేదో మా ఇంట్లో మజ్జిగ తాగుతా చెప్పింది. ఆయన ఎద్దులు యాడ అంటే, "నీళ్లు తాగేదానికి పోయినాయి పెద్దాయనా, వచ్చేలోపల పగ్గం పేనుదాం" అని జనుపనార చేతికిస్తాదంట. ఒక కొస ఈమె పట్టుకుంటాది, ఆయన పేనుతాడు. సగం పొద్దు గడిచిపోతాది, ఒక్క తిట్టు ఉండదు.

"అబద్ధం గదా నర్సమ్మా అది?" అన్నా.

"ఆయనకు ఎద్దులు కనపడతాండాయి. నాకు కనపడకపోతే అది ఆయన తప్పా?"

ఆ రోజే ఆమె లేచి బూట్లు తొడుక్కోబోతే కాళ్లు పట్టల్యా. చీలమండలు ఉబ్బి ఉండాయి. వాటిని చూస్తే నాకు గుబులైంది. "ఎట్లుండారు నర్సమ్మా?" అని అడిగినా. "బాగుండా" అనింది. బూట్ల తాళ్లు కట్టుకోకుండానే గొడుగు తీసుకోని పోయింది.

కాకి అరిచినా భయపడే దాన్ని, పాలు పొంగితే రేపేమవుతుందో అనుకునే దాన్ని. ఆ రోజు వాకిట్లో నిలబడి ఆమె పోతాంటే చూసినా గానీ, పిలిచి రెండోసారి అడగల్యా. గుండె జబ్బు ఏండ్లుగా ఉండాదని సమాధి కాడ మేట్రనమ్మ చెప్తే తెలిసింది. మట్టి వేసేదానికి వచ్చిన ఆడోళ్లను ఒక్కొక్కరినే అడిగినా, ఆమెను మీరన్నా అడిగినారా అని. మేమూ ఒక్కసారే అడిగినామన్నారు. ఏడేండ్లు మా అందరి జవాబులు రాసుకోని పోయింది. ఆమె జవాబు తీసుకునే మనిషి మాలో ఒక్కరూ ల్యాకపాయె. దీనికి నేను ఓదార్పు వెతుక్కోల్యా. అలసటగా ఉండాది.

ఆళ్లగడ్డ కోడలా, ఈ కాగితం నీకు చదివి వినిపించమని దర్జీ ఇంటి వదినకు చెప్పినా. నిన్ను నేను ఒకసారి కూడా చూడల్యా. ఇంత వయసొచ్చినా నేను ఒంటిగా బస్సెక్కింది ల్యా. నడమ శిరివెళ్ల కాడ తప్పి దిగిపోతానేమోనని భయం, చెంబు తగుల్తాదేమోనని అంతకంటే భయం. అయినా వస్తాండా. మా ఆయనకు రొట్టెలు చేసిపెట్టి వస్తా, ఆయన ఒప్పుకున్నాడు. నీ పేరున కార్డు రాసినా. కార్డు చేరదేమోనని బస్సు కండక్టరుకు కూడా చెప్పినా, యాడ దించాలో, ఎవరింటికో అంతా. జనుపనార సంచీలో పెట్టుకున్నా. నీకు ముయ్యి తిరిగి తీర్చే పని ల్యా, నాకిప్పుడు మంచంలో ఎవరూ ల్యారు. నేను మీ మామ కాడ కూచుంటా. నువ్వు కుంకుడుకాయలు కొట్టి నానేసిపెట్టుకో. తల రుద్దుకోని, దొడ్లో ఎండకు కూచోని, జడ వేసుకోకుండా ఆరనీ. నేను పిలిచిందాక లోపలికి రావద్దు. ఈ నెల ఆఖరి శనివారం, పొద్దున మొదటి బస్సుకు వస్తా.