అక్కకు కట్టిన పలుపు

పంతొమ్మిది వందల యాభైల చివరినాటి మాట. కాన్పయిన నెలకే మా అక్కకు మతి చెడి, బావిలో దూకబోయింది. చేతులకు ఎడ్ల పలుపు కట్టి, నాన్నా నేనూ బండిలో పట్నం ఆసుపత్రికి తీసుకుపోయాం.

“మనిషా, గొడ్డా? ముందు ఆ తాడు విప్పండి!” అని డాక్టరు కసిరాడు. విప్పాం. అక్క బుద్ధిగా నమస్కారం పెట్టింది.

“బాగానే ఉందిగా! పిచ్చాసుపత్రికి పంపాలంటే పోలీసుల కాగితం కావాలి, వాళ్ళ దగ్గరికి వెళ్ళండి” అన్నాడాయన.

స్టేషన్లో హెడ్డు అక్కను ఎగాదిగా చూశాడు. “ఏందయ్యా, కట్టకుండా తెచ్చి పిచ్చిదంటే ఎట్టా నమ్మేది?”

నాన్న బయటికొచ్చి ఎడ్లను బండికి కట్టాడు. బండెక్కగానే అక్కే పలుపు తీసి నా చేతికిచ్చి, చేతులు చాపింది.

“కట్టవే. ఇంటికి బావి పక్కనుంచేగా పోవాల?”

పట్నమంతా తిరిగినా, ఆమె జబ్బు సంగతి తెలిసిన మనిషి నాకు ఆమె ఒక్కతే కనిపించింది.