మార్త పిన్ని కొసరు సంచి

మా పక్కింటి మార్త పిన్ని నెల సరుకులకి వన్‌టౌన్ వెళ్తే సంచులు మోయడానికి నేనూ వెళ్తాను. కందిపప్పు ఒక కొట్లో చౌక, బెల్లం ఇంకో కొట్లో చౌక. అన్ని కొట్లూ తిరిగి ధర అడిగాకే కొంటుంది. తూకం అయ్యాక ప్రతిచోటా కొసరు అడుగుతుంది. నేను సిగ్గుతో పక్కకి చూస్తాను.

"కొసరుతోనే సంసారం నడిపేస్తున్నావా మార్తమ్మా?" అన్నాడు నిన్న పప్పుల కొట్టాయన.

"నా సంసారానికి కాదులెండి, ఇంకో గుప్పెడు వెయ్యండి" అంది పిన్ని.

కొసరుగా వచ్చినవన్నీ వేరే సంచిలో వేస్తుంది. అవి ఎవరికోసమో నిన్ననే తెలిసింది.

మా వీధి చివర శేషారత్నం మామ్మగారు ఒంటరిగా ఉంటారు. జ్వరంతో కుట్టుపని ఆగిపోయి గంజితోనే గడుపుతున్నారు. అయినా ఎవరేం ఇచ్చినా తీసుకోరు. పిన్ని ఆ సంచి గుమ్మంలో పెట్టగానే ఆవిడ మొహం ముడుచుకుంది.

"దానాలు వద్దని చెప్పానా మార్తా?"

"నేను డబ్బు పెట్టి కొంటే కదా దానం అవడానికి! ఇది కొసరు మామ్మగారూ."

ఆవిడ సంచి మూతి విప్పి చూశారు. తర్వాత దాన్ని లోపల పెట్టి, పెరట్లోంచి ఒక కరివేపాకు రెమ్మ తెచ్చి పిన్ని చేతిలో పెట్టారు.

"అయితే ఇదీ కొసరే."

"ఒక్క రెమ్మేనా? ఇంకొంచెం వెయ్యండి" అంది పిన్ని.

మామ్మగారు నవ్వుతూ మళ్లీ పెరట్లోకి వెళ్లారు.