అమ్మకానికి గ్రైండర్, లోపాలేమీ లేవు

పాత సామాను ఆన్‌లైన్‌లో అమ్మడం మా ఇంట్లో మొదలుపెట్టింది నేను. ఇది ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే తర్వాత మా ఇంటికొచ్చి బోసిగా ఉన్న గదులు చూసినవాళ్ళంతా అది మా ఆయన చేసిన పనే అనుకున్నారు. కొందరైతే మేము సర్దుకుని ఇండియా వెళ్ళిపోతున్నామనుకుని, టికెట్లు ఎప్పటికి తీసుకున్నారని కూడా అడిగారు.

మా ఆయన డబ్లిన్‌లో ఒక హోటల్లో వంట చేసేవాడు. ఒకరోజు పొద్దున పనిలో ఉండగా గరిటె చేతిలోంచి జారింది. తీసుకుందామని వంగినవాడు వంగినట్టే పడిపోయాడు. పక్షవాతం. ప్రాణం దక్కింది, మాట దక్కింది, కాలు కర్ర సాయంతో నడిచేంత దక్కింది. కుడి చెయ్యి మాత్రం దక్కలేదు. నేను నర్సుని. అలాంటి చేతుల్ని వార్డులో రోజూ చూస్తుంటాను. ఏవి తిరిగొస్తాయో, ఏవి రావో కొన్నాళ్ళకి చూడగానే తెలిసిపోతుంది. అయినా ఇంటికొచ్చేసరికి ఆ చదువంతా గుమ్మం బయట వదిలేసి, ఏ పెళ్ళామైనా అనే మాటే అనేదాన్ని, వచ్చేస్తుందిలెండి అని.

హోటలు వాళ్ళు కొన్నాళ్ళు చూసి, నాలుగు మంచిమాటలు చెప్పి, వేరే మనిషిని పెట్టుకున్నారు. బ్లాంచర్డ్స్‌టౌన్‌లో మా ఇంటి అద్దె, లిమరిక్‌లో చదువుతున్న మా అమ్మాయి ఖర్చు, అన్నీ నా ఒక్క జీతం మీద పడ్డాయి. ఓవర్‌టైమ్ ఎంత చేసినా నెలాఖరుకి కటకటే. అలాంటి ఒక సాయంత్రం మా ట్రెడ్‌మిల్ నా కంటబడింది. ఒక జనవరిలో ఇద్దరం ఒళ్ళు తగ్గించుకుందామని ఉత్సాహపడి కొన్నాం. ఆ తర్వాత అది బట్టలారేసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. దాని మీది తడి బట్టలు తీసేసి, ఫోటో కొట్టి, పాత సామాను అమ్మే సైటులో పెట్టాను.

పెట్టగానే అమ్ముడుపోతుందనుకున్నాను. ఇంకా ఉందా అని అడుగుతారు. ఉంది అంటే ఇక పత్తా ఉండరు. సగం ధరకిస్తావా అంటారు. సరే రండి అంటే, మా ఇంటిదాకా తెచ్చిస్తావా అంటారు. ఒకావిడ ఆ ట్రెడ్‌మిల్‌ని కిల్‌డేర్ దాకా తెచ్చి, మేడ మీదకి కూడా ఎక్కించమంది. నాకసలే ఓపిక తక్కువ. దాని మీదే నడుచుకుంటూ వస్తున్నాను, కాస్త ఆలస్యమవుతుంది అని రాశాను. ఆవిడ నా మీద సైటు వాళ్ళకి ఫిర్యాదు చేసింది. ఆ రోజే మా ఆయన ఎడమ చేత్తో నా ఫోన్ లాక్కుని, "నువ్వు బేరానికి పనికిరావు, ఇటియ్యి" అన్నాడు. పడిపోయిన తర్వాత ఆయన ఏదైనా ఒక పని తనకిమ్మని అడగడం అదే మొదలు.

మర్నాటి నుంచి ఆయనకి కొత్తగా కొట్టు పెట్టినంత హడావిడి. పొద్దున్నే లేచి ఎడమ చేత్తో గడ్డం గీసుకునేవాడు. అమ్మాల్సిన వస్తువుని తడిగుడ్డతో తుడిచి, ముందుగది కిటికీ దగ్గర పెట్టి, వాన తెరిపిచ్చి కాస్త వెలుతురు వచ్చేదాకా కూర్చునేవాడు. మొదటి ఫోటో ఎప్పుడూ దానికున్న లోపానిదే. సొట్టో, గీతో, విరిగిన పిడో, ఏది ఉంటే అది. లోపం మనమే చూపిస్తే వాళ్ళు వెతకరు, వెతక్కపోతే బేరమాడరు అని ఆయన సిద్ధాంతం. కింద లోపాలు అని ఒక వరస, అమ్మడానికి కారణం అని ఇంకో వరస తప్పకుండా రాసేవాడు. అంతా ఎడమ బొటనవేలితోనే. ట్రెడ్‌మిల్‌కి కారణం ఏం రాశాడంటే, మేము వారమే నడిచాం, యంత్రం తప్పేమీ లేదు అని. అది చదివి నవ్వుకుంటూ వచ్చిన మనిషే దాన్ని కొనుక్కుపోయాడు.

తన సైకిలుకి మాత్రం, ప్రస్తుతం తొక్కడం లేదు అని రాశాడు. దాన్ని కొనడానికి ఒక పెద్దాయన వచ్చాడు. టైరు నొక్కి గ్రాండ్ అన్నాడు, బాగుందనడానికి ఇక్కడివాళ్ళ మాట అది, బ్రేకు పట్టి గ్రాండ్ అన్నాడు, మా ఆయన చేతికర్ర చూసి ఏమీ అనలేదు. సైకిలు వీధి మలుపు తిరిగేదాకా చూసి మా ఆయన, "క్రిస్మస్‌కి చెయ్యొచ్చేస్తే ఇంతకంటే మంచిది కొంటాలే" అన్నాడు.

ఏది పోయినా అదే మాట. పెద్ద టీవీ పోయింది. సోఫాల్లో ఒకటి పోయింది. భోజనాల బల్ల కొన్నవాళ్ళు కారులో పట్టలేదని రెండు కుర్చీలు మాకే వదిలేసి వెళ్ళారు. ఆయన లెక్కలో అవేవీ అమ్ముడుపోలేదు, ఎవరిళ్ళలోనో దాచి ఉన్నాయి. వీడియో కాల్‌లో ఖాళీ గోడ చూసి మా అమ్మాయి టీవీ ఏమైందని గాభరాగా అడిగితే, ఐరిష్ యాస పెట్టి "ఇట్స్ గ్రాండ్" అని దాన్నే వెక్కిరించాడు. అది నవ్వింది. నేను ఫోన్ పెట్టేశాక కూడా ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

రోజూ ఒక వేళకి, ఫిజియో ఇచ్చిన పసుపు రంగు మెత్తటి బంతిని కుడి అరచేతిలో పెట్టుకుని, ఎడమ చేత్తో ఆ వేళ్ళు మూసి, నొక్కు, నొక్కు అని తనకు తనే చెప్పుకునేవాడు. ఎడమ చెయ్యి తీసేస్తే వేళ్ళు విచ్చుకునేవి, బంతి దొర్లిపోయేది. నేను తెచ్చి ఇచ్చేదాన్ని. ఇల్లు ఖాళీ అవుతుంటే, మాట్లాడితే గొంతు గోడలకి తగిలి తిరిగొస్తుంటే, నాకు నిజానికి బాధ కలగలేదు. బెల్లు మోగితే ఆయన నడుచుకుంటూ వెళ్ళి తలుపు తీస్తున్నాడు. నాకది చాలనిపించింది.

గ్రైండర్ జోలికి మాత్రం ఆయన పోలేదు. నేనూ ఆ మాట ఎత్తలేదు. అది గుంటూరు నుంచి మేము మోసుకొచ్చినది. రాళ్ళు చేతి సంచిలో, మిగతాది పెట్టెలో దుప్పట్ల మధ్య. విమానాశ్రయంలో తనిఖీ చేసే ఆవిడ ఆ రాళ్ళు దేనికని అడిగితే, మా ఆయన "తిండికి" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ప్రతి శనివారం మినప్పప్పు రుబ్బి, కడిగి పిండిన ఇడ్లీ రవ్వ అందులో కలిపేవాడు. ఆదివారం ఆరాధన అయ్యాక, మేము అద్దెకి తీసుకున్న స్కూలు హాల్లో, మా చర్చి సంఘం వాళ్ళందరికీ ఇడ్లీలు ఆయనవే. ఇక్కడి చలికి పిండి పొంగదు. అందుకని హాట్ ప్రెస్‌లో పెట్టేవాడు. ఇక్కడి ఇళ్ళలో వేడినీళ్ళ ట్యాంకు ఉండే చిన్న అలమర అది. వాళ్ళు అందులో తువ్వాళ్ళు ఆరబెట్టుకుంటారు, మనవాళ్ళు పిండి పులియబెట్టుకుంటారు. మా తువ్వాళ్ళకి ఎప్పుడూ కాస్త పుల్లటి వాసన ఉండేది. దాని మీద మా అమ్మాయి నాతో ఇంగ్లీషులో పోట్లాడేది.

పిండిని గరిటెతో కలిపితే ఆయన ఒప్పుకునేవాడు కాదు. చేత్తోనే కలపాలి, చేతి వెచ్చదనం తగిలితేనే పొంగుతుంది అనేవాడు. ఆ చెయ్యి కుడి చెయ్యి. ఆయన కాస్త కోలుకున్నాక ఒక శనివారం నేనే పప్పు నానబోసి, ఎడమ చేత్తో కలపండి, ఏమవుతుంది అన్నాను.

"తినేవాళ్ళకి ఎడం చేత్తో చేసి పెడతానా?" అన్నాడు.

సబ్బుతో కడుక్కుంటే ఏ చెయ్యయినా ఒకటేనని నేను నర్సు పాఠం చెప్పాను. అప్పటికి ఆయన తన అన్నం కూడా ఎడం చేత్తో కలపకుండా చెంచాతోనే తింటున్నాడు. పోనీ నేను కలుపుతానంటే, ఉండనీ, చెయ్యొచ్చాక చేద్దాం అన్నాడు. ఆ పప్పు మిక్సీలో వేసి గారెలు వండాను. ఇద్దరం సరిగా తినలేదు. గ్రైండర్ గుడ్డ కప్పుకుని వంటింటి మూల ఉండిపోయింది.

నవంబరులో ఒకరోజు డ్యూటీ మధ్యలో టీ తాగుతూ ఫోన్ చూశాను. సైటులో మా ఇద్దరిదీ ఒకటే అకౌంటు కాబట్టి ఆయన ఏది పెట్టినా నాకు కనిపిస్తుంది. కిటికీ దగ్గర గ్రైండర్ ఉంది. మొదటి ఫోటోలో ఎప్పుడూ ఉండే సొట్టలూ గీతలూ లేవు, శుభ్రంగా కడిగిన రాళ్ళున్నాయి. కింద ఇంగ్లీషులో ఎప్పటిలాగే రెండు వరసలు. లోపాలు, ఏమీ లేవు. అమ్మడానికి కారణం, నా కుడి చెయ్యి ఇక రాదు.

నాకు తెలిసిన సంగతే. కానీ తెలియడం నా వంతు, నమ్మడం ఆయన వంతు అన్నట్టుగా అంతవరకు ఇల్లు నడిచింది. ఆయన నమ్మకాన్ని పట్టుకునే నేనూ నిలబడి ఉన్నానని ఆ టీ గదిలో తెలిసింది. బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళి ఏడ్చాను. ఏడుపు తగ్గాక కోపం వచ్చింది. ఆ కోపమంతా బస్సులో మోసుకుంటూ ఇంటికొచ్చి, ఎవర్నడిగి పెట్టారని నిలదీశాను.

"ట్రెడ్‌మిల్ నువ్వెవర్నడిగి పెట్టావు?" అన్నాడు.

"అదీ ఇదీ ఒకటేనా?"

"తెలీనట్టు మాట్లాడకే. నాకంటే ముందే తెలుసు నీకు."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉండి ఉంటే ఇంకో నాలుగు మాటలు అనగలిగేదాన్ని. వెళ్ళి అన్నానికి బియ్యం కడిగాను.

శనివారం ఒక జంట వచ్చింది. ఇద్దరూ వరంగల్ వైపు పిల్లలు, ఇక్కడ మాస్టర్స్ చదువుతున్నారు, పదిమంది మసలే ఇంట్లో ఒక గదిలో ఉంటున్నారు. అంకుల్, ఆంటీ అంటూ బూట్లు విప్పి లోపలికొచ్చారు. ఆ అబ్బాయి మొహమాటపడుతూ, "ఏమనుకోకుండ్రి అంకుల్, ఒక్కసారి నడుస్తదో లేదో చూస్తం" అన్నాడు.

మా ఆయన అందుకు ముందే సిద్ధం. ఉత్తినే తిప్పి చూపిస్తే గ్రైండర్ ఎలాంటిదో తెలియదని, పొద్దున నేను లేవకముందే పప్పు నానబోసి ఉంచాడు. స్విచ్ వేశాడు. ఎన్నాళ్ళకో మా ఇంట్లో మళ్ళీ ఆ గురగుర వినబడింది. గరిటెతో పప్పు కొద్దికొద్దిగా వేస్తూ, గ్లాసుతో నీళ్ళు చిలకరిస్తూ, ఎప్పుడు ఆపాలో ఆ అమ్మాయికి చెప్పాడు. పిండి చుక్క నీళ్ళలో వేస్తే తేలాలన్నాడు. తేలింది. ఆ అమ్మాయి సంబరపడిపోయి, తెచ్చుకోమని తన తల్లి చెబుతూనే ఉన్నా బరువని వదిలేసి వచ్చానని చెప్పింది. రాళ్ళు నేనూ ఆ అబ్బాయీ పైకి తీశాం. పిండి గిన్నెలోకి తీసి రవ్వ వేశాక, మా ఆయన చొక్కా చెయ్యి మడవడం మొదలుపెట్టాడు. కుడివైపుది. ఎడమ చేత్తో మోచేతి దాకా మడిచి, అక్కడ ఆగిపోయాడు.

అందరం ఆయన వైపే చూస్తున్నాం. నేను లేవబోయాను. కళ్ళతోనే వద్దన్నాడు.

"నువ్వు కలుపమ్మా" అన్నాడు ఆ అమ్మాయితో. "గరిటె వద్దు. చేత్తో కలుపు."

ఆ అమ్మాయి చెయ్యి కడుక్కొచ్చి, గాజులు పైకి తోసుకుని, మణికట్టు దాకా ముంచి కలిపింది. ఇట్లనేనా అంకుల్ అని అడిగింది. అడుగు నుంచి తియ్యి, ఇంకా, ఇంకా అని ఆయన చెబుతుంటే ఆయన ఎడమ చెయ్యి దానంతటదే గాలిలో తిరుగుతోంది. కుడి చెయ్యి, మడిచిన చొక్కాతో, ఒళ్ళో పడి ఉంది. నాకు అక్కడ ఉండబుద్ధి కాలేదు. సింకు దగ్గరకి వెళ్ళి పంపు తిప్పి, కడగడానికి ఏమీ లేకపోయినా నిలబడ్డాను.

ఆ అబ్బాయి డబ్బులిస్తే ఆయన సగం తిరిగిచ్చేశాడు. పిండి కూడా మూతపెట్టి వాళ్ళకే ఇచ్చాడు. హాట్ ప్రెస్‌లో పెట్టమని, పొంగుతుంది కాబట్టి కింద పళ్ళెం ఉంచమని గుమ్మందాకా చెబుతూనే ఉన్నాడు. మనకి కాస్త ఉంచితే బాగుండేదని నాకనిపించింది.

మర్నాడు ఆ అమ్మాయి ఫోటో పంపింది. పిండి గిన్నె అంచు దాటి పొంగి పళ్ళెంలోకి కారింది. ఆయన దాన్ని చాలాసేపు చూసి, "ఆ పిల్ల చెయ్యి మంచిది" అన్నాడు. నేను అలవాటుకొద్దీ వెళ్ళి మా హాట్ ప్రెస్ తలుపు తీశాను. తువ్వాళ్ళున్నాయి, వెచ్చగా, సబ్బు వాసనతో.

ఆ తర్వాత ఆయన గడ్డం గీసుకోవడం మానేశాడు. అమ్మడానికి ఇంకా చిన్నాచితకా ఉన్నాయి కానీ వాటి వంక చూడలేదు. బెల్లు మోగినా లేచేవాడు కాదు. సంఘం వాళ్ళు ప్రార్థనకి వచ్చి స్వస్థత గురించి మాట్లాడితే ఆమెన్ అన్నాడు, అందరికంటే ఆలస్యంగా. నాకు దేవుడి మీద కోపం వచ్చింది. చెప్పుకోకూడదు కానీ వచ్చింది.

ఒక ఉదయం నేను డ్యూటీకి బయల్దేరుతుంటే ఆయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఎడమ చేతిలో ఫోన్ ఉంది. చాలా రోజులకి లేచాడు కదా అని సంతోషంగా దగ్గరికి వెళ్ళాను. కిటికీ గట్టు మీద, వెలుతురు పడేలా, పసుపు బంతి పెట్టి ఉంది.

"దీన్ని ఎవరు కొంటారండీ?" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినబడింది.

"ఉచితం అని పెడతాను" అన్నాడు. "ఎవరికైనా పనికొస్తది."

ఫోన్ లాగేసుకున్నాను. ఆయన చేతిలోంచి లాక్కోవడం ఎంత తేలికో తెలిసి సిగ్గేసింది. ఆయన్ని సోఫాలో కూర్చోబెట్టి, బంతి తెచ్చి కుడి అరచేతిలో పెట్టి, ఒక్కొక్క వేలూ దాని మీదకి మడిచాను. పైన నా చెయ్యి వేసి మూశాను. నొక్కండి అన్నాను, వార్డులో అన్నట్టు. తర్వాత మామూలుగా అన్నాను. తర్వాత బతిమాలుతూ అన్నాను. ఆయన నన్ను చూస్తున్నాడు తప్ప చేతిని చూడటం లేదు. నా వేళ్ళ కింద ఆయన వేళ్ళు చల్లగా, కదలకుండా ఉన్నాయి.

నేనెక్కాల్సిన బస్సు కిటికీలోంచి కనబడుతూ వెళ్ళిపోయింది. నేను వదల్లేదు.