వజ్రమ్మ కుస్తీపట్టు

నవాగామ్‌లో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద బతికే తెలంగాణ కుటుంబాల్లో రెజ్లింగ్ గురించి వజ్రమ్మకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. సూరత్ వచ్చిన పాతికేళ్లలో ఆమె ఆదివారం మధ్యాహ్నం టీవీలో కుస్తీ చూడకుండా వదిలింది లేదు. ఒళ్లో చిక్కుడుకాయల గిన్నె పెట్టుకుని కూర్చుంటుంది; పోటీ ముదిరితే కాయలతో పాటు పురుగులూ గిన్నెలోకే పోతాయి. ఇంగ్లీషు పేర్లకు నోరు తిరగక గడ్డపాయన, మాస్కు పిలగాడు అని తనే పేర్లు పెట్టుకుంది. గెలిచినవాళ్లంటే ఆమెకు చులకన. "ఎత్తి పడేసుడు ఎవ్వలకైన అస్తది. నడుము ఇరగకుంట పడుడే అసలు పని," అంటుంది. సూరత్‌లోనే పుట్టి పెరిగిన కూతురు రుచిత, "అమ్మా, సబ్ నక్లీ హై. అంత ముందే మాట్లాడుకుంటరు," అని వెక్కిరించినా తొణకదు. "మాట్లాడుకుంటరు మరి! గట్టిగ పట్టుకున్నప్పుడు చూడు, ఎదుటోని చెవుల చెప్తడు, ఇప్పుడు ఎత్తేస్త, పైలం, దెబ్బ తాకకుంట పడు అని. పెండ్లిల అప్పగింతలప్పుడు ఏడుస్తరని ముందే తెల్వదా? గది నక్లీనా?"

మొన్న రుచిత పెళ్లయింది. అత్తవారిల్లు కడోదరాలో, ఆటోలో గంట దూరం కూడా లేదు. అయినా అప్పగింతల్లో తల్లీకూతుళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఎంతకీ విడిపోలేదు. వీడియో తీసేవాడు రిఫరీలా వంగి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. విడదీద్దామని దగ్గరికి వెళ్లిన పక్కింటి సమ్మక్క, వజ్రమ్మ కూతురి చెవిలో చెబుతున్న మాట విని ఆగిపోయింది.

"ఇప్పుడు ఇడుస్త బిడ్డా, పైలం."